ఎనభైల సినిమాలు క్లబ్‌హౌస్‌లో వేయాలి: ఏ కాపీ మంచిదో తేల్చుకోవడం ఎలా?

మారతహళ్ళి మిత్రబృందం

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నాలుగు ఆదివారాలు ఎనభైల తెలుగు సినిమాలు వేద్దామనుకుంటున్నాం. ఇప్పటికి అనుకున్నవి: శంకరాభరణం (1980), సాగర సంగమం (1983), అహ నా పెళ్ళంట (1987), శివ (1989). హాలు పొడవు 40 అడుగులు, తెర వెడల్పు 10 అడుగులు. 1080పి ప్రొజెక్టర్, రెండు పీఏ స్పీకర్లు, ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ వీడియో ప్లేయర్ ఉన్నాయి. చూసేవాళ్ళలో సగం మంది కన్నడ, తమిళం వాళ్ళు.

చిక్కల్లా కాపీలతోనే. పాత డీవీడీలు, నిర్మాతల ఛానెళ్ళలో ఉన్నవి, ఓటీటీలో ఉన్నవి పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే సినిమా నిడివి ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఒకదాంట్లో మనుషులు సన్నగా సాగిపోయారు, ఇంకోదాంట్లో పక్కన నిలబడ్డ మనిషి సగమే కనిపిస్తున్నాడు, మరోదాంట్లో గొంతులు కాస్త కీచుగా ఉన్నాయి. అసలుకి దగ్గరగా ఉన్నది ఏదో ఎలా పట్టుకోవాలి?

రీలుడబ్బా

ప్రొజెక్టర్ గురించి తర్వాత ఆలోచించండి, ముందు కాపీ తేలాలి. మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర పాజ్ కొట్టండి. అందులో నిడివి మీటర్లలో, పక్కన రీళ్ళ సంఖ్య ఉంటాయి. 35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. మీటర్లను 27.4తో భాగిస్తే అసలు నిడివి వచ్చేస్తుంది. ఉదాహరణకు 4,000 మీటర్లంటే 146 నిమిషాలు. మీ కాపీలో కంపెనీ లోగోలు, ప్రకటనలు తీసేసి మిగిలినదాన్ని దీంతో పోల్చండి.

140 దగ్గర ఆగితే కత్తిరింపు జరిగిందని వెంటనే అనుకోకండి, అది వేగం తేడా కావచ్చు (దాని సంగతి కింద ఎవరైనా చెబుతారు). 130 దగ్గర ఆగితే మాత్రం కోత పడినట్టే. ఎక్కువగా పోయేవి పాటలు, కామెడీ ట్రాకులు. ఒక్కోసారి ఏకంగా రీలే ఉండదు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు కాబట్టి, కథ ఒక్కసారిగా గెంతి లెక్కలో పది పదకొండు నిమిషాలు తగ్గితే కారణం అదే. గీతలు, దుమ్ము, సగంలో తెగిన మాటలు కూడా రీలు మొదట్లో, చివర్లోనే ఎక్కువ. ప్రొజెక్టర్‌కి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు చేతులు పడేది అక్కడే కదా. కుడివైపు పై మూలలో చుక్క మెరిసిన చోట్ల జాగ్రత్తగా చూడండి, అవి రీలు మారే గుర్తులు.

ఇక వెడల్పు. అల్లూరి సీతారామరాజు (1974) తెలుగులో తొలి స్కోప్ (సినిమాస్కోప్, అంటే వెడల్పు తెర) సినిమా. ఎనభైలకి వచ్చేసరికి స్కోప్ బాగా వాడుకలో పడింది. స్కోప్ బొమ్మ నిష్పత్తి 2.35:1, పాత టీవీది 4:3. టీవీ నిండాలని పక్కలు కోసేస్తే వెడల్పులో 43 శాతం గల్లంతవుతుంది. ఇప్పటి 16:9కి కోసినా 24 శాతం పోతుంది. మీరు చూసిన సగం మనిషి అలా మిగిలినవాడే. పట్టుకోవడం తేలిక: టైటిల్స్‌లో పేర్ల మొదటి అక్షరాలో చివరి అక్షరాలో తెగి ఉంటే అది కోసిన కాపీ. సర్టిఫికెట్ మీద పేరు పక్కన సినిమాస్కోప్ అని ఉండి, బొమ్మ పైనా కిందా నల్లపట్టీలు లేకపోయినా అంతే. కోసిన కాపీని ఏ సెట్టింగూ బాగుచేయలేదు, పక్కన పెట్టేయండి.

సన్నగా సాగిన మనుషులది వేరే కేసు, బొమ్మ మొత్తం ఉంది కానీ వెడల్పు నొక్కుకుపోయింది. వీఎల్‌సీలో ‘ఎ’ నొక్కుతూ పోతే నిష్పత్తులు మారతాయి, 16:9 దగ్గరో 2.35:1 దగ్గరో సరిపడుతుంది. కళ్ళతో అంచనా వేయొద్దు. సైకిల్ చక్రమో గోడ గడియారమో నేరుగా కనిపించే షాట్ దగ్గర ఆపి, అది గుండ్రంగా వచ్చిందో లేదో చూడండి.

కదిలే బొమ్మ అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు వస్తుంటే అది ఇంటర్‌లేస్డ్ కాపీ, అంటే ఒక్కో ఫ్రేమును గీత విడిచి గీతగా రెండు సగాలు చేసి దాచినది. ‘డి’ నొక్కితే డీఇంటర్‌లేస్ ఆన్ అవుతుంది. శివలో నాగార్జున చిన్నపాపను సైకిల్ మీద ఎక్కించుకుని సందుల్లో తప్పించుకునే ఘట్టంతో పరీక్షించండి. స్టెడీక్యామ్‌తో (కెమెరా కుదుపు లేకుండా మోసే అమరికతో) తీసిన ఆ పరుగులో ఈ లోపం ఉంటే దాగదు. అన్నట్టు, శివ 2025 నవంబరులో 4కె, డాల్బీ ఆట్మాస్‌తో మళ్ళీ విడుదలైంది. ఆ రూపం అధికారికంగా అందితే పాత డీవీడీ జోలికి వెళ్ళకండి.

శ్రుతిపెట్టె

కీచు గొంతుల సంగతి నేను చెబుతాను. మన టీవీ, వీడియో పద్ధతి పాల్, సెకనుకు 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాను అలాగే ఎక్కిస్తే 4 శాతం వేగంగా నడుస్తుంది, 146 నిమిషాలది 140కి దిగుతుంది. దాంతోపాటు శ్రుతి అర్ధస్వరంలో ముప్పాతిక వంతుకి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. ఫైటింగ్ సినిమాలో ఎవరూ గమనించకపోవచ్చు. శంకరాభరణంలో మాత్రం దీన్ని వదిలేయకూడదు. బాలుగారికి, వాణీ జయరాంగారికి జాతీయ అవార్డులు తెచ్చిన పాటలవి. శ్రుతి జరిగితే శంకరశాస్త్రి గొంతులో బరువు పలచబడుతుంది, తాళం కూడా ఆదరాబాదరాగా వినిపిస్తుంది. అదే పాటను రికార్డు నుంచి వచ్చిన ఆడియోతో పోల్చి వినండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

సరిచేయడానికి వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో కింద ‘ఆల్’ ఎంచుకుని, ఇన్‌పుట్/కోడెక్స్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.96 చేయండి. అంతటితో సరిపోదు. ఆడియో విభాగంలో టైమ్ స్ట్రెచింగ్ అనే టిక్ తీసేయాలి. అది ఉంటే వేగం తగ్గినా శ్రుతి ఎక్కువగానే ఉండిపోతుంది. చాలామంది ఇక్కడే పొరబడి ‘0.96 పెట్టినా తేడా లేదు’ అంటారు.

ఆ కాలపు ఫిల్ముల్లో సౌండ్ చాలావరకు మోనో ఆప్టికల్ ట్రాక్, అంటే ఫిల్ము అంచున ముద్రించిన ఒకే ఛానెల్ శబ్దం. (ఆరు ట్రాకుల స్టీరియోతో 70 ఎం.ఎం.లో వచ్చిన సింహాసనం, 1986, అప్పట్లో ప్రత్యేకం.) డీవీడీలో 5.1 (ఆరు ఛానెళ్ళ సౌండ్) అని ఉంటే చాలాసార్లు అది మోనోనే విడదీసి ప్రతిధ్వని కలిపినది. కొన్నిట్లో నేపథ్య సంగీతాన్నే కొత్తగా వాయించి అతికించారు. రెండూ ఉంటే మోనో ట్రాక్ ఎంచుకోండి. మిక్సర్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేస్తే గరగర తగ్గుతుంది, 8 కిలోహెర్ట్జ్ పైన తగ్గిస్తే బుస తగ్గుతుంది. అంతకు దిగువ మాత్రం ముట్టుకోకండి. 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే మాటల స్పష్టత ఉంటుంది. అహ నా పెళ్ళంటలో జంధ్యాల సంభాషణ ఒక్క అక్షరం మింగినా నవ్వు రాదు.

ఇంకో చిక్కుంది. కొన్ని కాపీల్లో కుడి ఎడమ ఛానెళ్ళలో ఒకదాని ధ్వని తరంగం రెండోదానికి తలకిందులుగా ఉంటుంది. హెడ్‌ఫోన్లలో బాగానే వినిపిస్తాయి, పీఏలో రెండూ కలిసేసరికి మాటలు మాయమైపోతాయి. వీఎల్‌సీలో స్టీరియో మోడ్‌ను లెఫ్ట్ చేస్తే సరి.

కోడంబాక్కం కుర్చీ

చెన్నై నుంచి. మీ జాబితాకి ఒక సవరణ. సగం మందికి తెలుగు రానప్పుడు మొదటి ఆదివారం సింగీతం పుష్పక విమానం (1987) వేయండి. కమల్ హాసన్, అమల నటించిన ఆ సినిమా తీసింది మీ బెంగళూరులోనే. మాటే లేదు కాబట్టి సబ్‌టైటిళ్ళ బెడద లేదు. కానీ సౌండ్ మాత్రం పక్కాగా ఉండాలి. పెద్ద హోటల్ నిశ్శబ్దంలో నిద్రపట్టని హీరో, తన పాత లాడ్జి గోలను టేపులో పట్టుకొచ్చి పెట్టుకుని పడుకుంటాడు. ఆ నిశ్శబ్దంలో మీ స్పీకర్ల బుస వినిపిస్తే ఆ హాస్యం చచ్చిపోయినట్టే.

అహ నా పెళ్ళంట నాలుగోవారం పెట్టండి. కోట కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ అన్నం తినడం ఎవరికైనా అర్థమవుతుంది, మిగతా మాటల మెలికలు మాత్రం సబ్‌టైటిల్‌లో సగమే దిగుతాయి. అప్పటికి జనం అలవాటుపడి ఉంటారు.

సబ్‌టైటిళ్ళు మొదటి నుంచీ ఒకే దూరంలో తప్పితే ‘జి’, ‘హెచ్’ కీలతో జరపొచ్చు. మొదట్లో సరిగ్గా ఉండి గంటకి రెండున్నర నిమిషాలు తప్పితే అది 24, 25 ఫ్రేముల గొడవ. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చి సేవ్ చేసుకోవాలి, జరపడం వల్ల లాభం లేదు. మీ తెర మీద స్కోప్ బొమ్మ ఎత్తు నాలుగుంపావు అడుగులే వస్తుంది. సబ్‌టైటిల్ బొమ్మ కింద నల్లపట్టీలోకి దించండి, తెర అడుగు భాగం నేలకి నాలుగడుగులు పైన ఉండేలా చూడండి. లేకపోతే వెనక వరుసలకి ముందువాళ్ళ తలలే కనిపిస్తాయి.

మారతహళ్ళి మిత్రబృందం

అందరికీ ధన్యవాదాలు. పుష్పక విమానం ఖాయం. మరో రెండు: సాగర సంగమం ఒక కాపీ మొత్తం గులాబీ రంగులోకి తిరిగింది, దానికేం చేయాలి? టికెట్ లేదు కదా, అనుమతి అవసరమా?

రీలుడబ్బా

పాత ఈస్ట్‌మన్ రంగు ప్రింట్లలో నీలిపచ్చ రంగు ముందుగా వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది. ఆ కాపీ వెలిసిన ప్రింటు నుంచి తీసినది. ప్రొజెక్టర్‌లో వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి, రెడ్ గెయిన్ (ఎరుపు మోతాదు) కొద్దికొద్దిగా తగ్గించండి. తెల్ల పంచె తెల్లగా కనిపించగానే ఆగిపోండి, చర్మం రంగు చూసి దిద్దబోతే ముఖాలు పాలిపోతాయి. వానలో బావి గట్టు మీద కమల్ నాట్యం లాంటి చీకటి ఘట్టాల్లో పోయిన రంగు ఎలాగూ తిరిగిరాదు, కాబట్టి ఇంకో కాపీ దొరికితే అదే మేలు.

అనుమతి తప్పనిసరి. సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు ఉంటుంది, 1989 నాటి శివకి 2049 చివరిదాకా. టికెట్ లేకపోయినా క్లబ్‌హౌస్‌లో వేయడం ఇంట్లో చూసుకోవడం కాదు, ఓటీటీ సొంత ఖాతా షరతులు కూడా దీనికి ఒప్పుకోవు. నిర్మాత సంస్థకి గానీ ఇప్పుడు హక్కులున్నవారికి గానీ తేదీ, స్థలం, ఎంతమంది, ఉచితమని రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. హక్కులు చేతులు మారి ఉంటాయి కాబట్టి నెల ముందే మొదలుపెట్టండి. ఆ ఉత్తరంలోనే మంచి కాపీ ఇవ్వగలరా అని కూడా అడగండి.