ఇంటి ఆవరణలో నిలిపిన కారవాన్‌కు 16 ఆంపియర్ల సాకెట్ చాలునా, ప్రత్యేక లైను వేయించాలా?

నల్లగొండ_కారవాన్:
మాది నల్లగొండ. కారుకు తగిలించి లాగే రకం కారవాన్ ఒకటి మా ఇంట్లో ఉంది. సాగర్‌కో, సోమశిలకో వెళ్లిన రోజులు పోను, మిగతా కాలమంతా అది మా ప్రహరీ లోపల వేపచెట్టు కింద, మీటరు బోర్డుకు దాదాపు 30 మీటర్ల దూరంలో నిలిచి ఉంటుంది. ఎండాకాలం చుట్టాలు వచ్చినప్పుడు దానినే పడకగదిగా వాడుకోవాలన్నది మా ఆలోచన. అందులో ఒక టన్ను ఏసీ, 2000 వాట్ల గీజరు, 1800 వాట్ల ఇండక్షన్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, బ్యాటరీ చార్జరు ఉన్నాయి. మా ఇంటిది సింగిల్ ఫేజ్ సర్వీసు. వాషింగ్ మెషీన్ కోసం వరండాలో పెట్టించిన 16 ఆంపియర్ల సాకెట్ నుండి ఎక్స్‌టెన్షన్ తీగ లాగితే చాలని మా తమ్ముడు అంటున్నాడు. మీటరు నుండి ప్రత్యేక లైను వేయించక తప్పదని మా మేనమామ అంటున్నారు. అమెరికాలో ఉన్న మా బావగారేమో అక్కడ కనీసం 30 ఆంపియర్ల కనెక్షన్ ఉంటేనే ట్రైలరు నడుస్తుందని చెబుతున్నారు. తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

జడ్చర్ల_బాటసారి:
ముందుగా మీ బావగారి 30 ఆంపియర్ల సంగతి తేల్చుకుందాం. అక్కడి ట్రైలర్ల 30 ఆంపియర్ల సాకెట్‌లో వచ్చేది 120 వోల్టులు కనుక దాని శక్తి 3600 వాట్లు. మన దగ్గర 230 వోల్టుల మీద 16 ఆంపియర్లంటే 3680 వాట్లు. అంటే వారు చెప్పిన కనీస అవసరం మీ వరండా సాకెట్‌లోనే ఉంది. యూరప్ కారవాన్లు కూడా 230 వోల్టుల, 16 ఆంపియర్ల నీలిరంగు ప్లగ్గుతోనే నడుస్తాయి.

ఇక మీ సామాను లెక్కకు వస్తే, అన్నీ ఒకేసారి వేస్తే 23 ఆంపియర్లు దాటుతుంది, నిజమే. కానీ ఏసీకి సుమారు 5, ఫ్రిజ్‌కు, చార్జరుకు కలిపి 2 ఆంపియర్లు పోగా, గీజరు గాని పొయ్యి గాని ఏదో ఒకటి మాత్రమే వేస్తే మొత్తం 16 లోపే ఉంటుంది. నీళ్లు కాగేటప్పుడు వంట చేయవద్దన్న ఒక్క నియమం పెట్టుకుంటే సరిపోయే చోట కాలువ తవ్వించి, కేబుల్ కొనడం అనవసరపు ఖర్చని నా అభిప్రాయం.

పాలమూరు_వైర్‌మ్యాన్:
లెక్క సరిగానే ఉంది గాని, దాని నుండి తీసిన తీర్పుతో నేను ఏకీభవించను. సాకెట్ మీద 16 ఆంపియర్లని రాసి ఉన్నంత మాత్రాన, వరండాలోని పాత సాకెట్ రాత్రంతా ఆ భారాన్ని మోయగలదని అనుకోకూడదు. లోపలి ఇత్తడి పట్టీలు వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పట్టీలు ఇంకా వదులవుతాయి, చివరకు ప్లగ్ టాప్ నల్లబడి కరుగుతుంది. పైగా ఆ సాకెట్ వెనుక ఉన్న తీగ మీదనే బోరు మోటారో, వంటగది ఫ్రిజ్‌దో లైను కలిపి ఉండటం మన ఇళ్లలో మామూలే.

ఎంసీబీ, అంటే కరెంటు పరిమితి మించితే తానే పడిపోయే స్విచ్, కాపాడుతుందని కొందరు ధైర్యంగా ఉంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లు పోతున్నా గంట వరకు పడిపోవలసిన పని లేదు. అది పడిపోలేదు కనుక అంతా క్షేమమే అనుకోవడం పొరపాటు.

ఇక తీగ సంగతి. 30 మీటర్ల దూరమంటే కరెంటు పోయి రావడానికి 60 మీటర్ల రాగి. 1.5 స్క్వేర్ ఎంఎం ఎక్స్‌టెన్షన్ తీగ అయితే 15 ఆంపియర్ల దగ్గర సుమారు 12 వోల్టులు తీగలోనే పోతాయి. 2.5 అయితే 7 వోల్టులు, 6 స్క్వేర్ ఎంఎం అయితే 3 వోల్టులు మాత్రమే. ఆ పోయిన 12 వోల్టులు ఊరికే పోవు, 180 వాట్ల వేడిగా మారి తీగలోనే ఉంటాయి. తీగను బారుగా పరిచినప్పుడు ఆ వేడి గాలికి పోతుంది. మిగిలిన తీగను చుట్ట చుట్టి మూలన పడేస్తే మాత్రం లోపలి పొరలు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

అందుచేత మెయిన్ స్విచ్ తరువాత 32 ఆంపియర్ల డబుల్ పోల్ (ఫేజ్‌ను, న్యూట్రల్‌ను రెండింటినీ తెంపే) ఎంసీబీ ఒకటి పెట్టించి, అక్కడి నుండి 6 స్క్వేర్ ఎంఎం మూడు కోర్ల రాగి కేబుల్‌ను నేలలో లోతుగా వేయించి, కారవాన్ దగ్గర మూత ఉన్న 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్ బిగించాలి. ముందుగా కరెంటు బిల్లు మీద మీ ఇంటికి మంజూరైన లోడు ఎంత ఉందో చూసుకోండి. ఇంట్లో ఏసీతో పాటు కారవాన్ ఏసీ కూడా నడిస్తే అది చాలదనిపించినప్పుడు, దక్షిణ డిస్కంకు అదనపు లోడు కోసం దరఖాస్తు చేసుకున్నాకే ఈ పని మొదలుపెట్టడం పద్ధతి.

హాలియా_రైతు:
మా ఊరివైపు నాట్ల కాలంలో మోటార్లన్నీ నడిచే వేళకు ఇంట్లోనే 200 వోల్టులు ఉండదు. అందులో ఇంకో 12 పోతే ఏసీ పరిస్థితి ఏమిటి?

పాలమూరు_వైర్‌మ్యాన్:
అన్నా, గీజరుకు వోల్టేజీ తగ్గితే అది తక్కువ కరెంటు తీసుకొని నీళ్లు ఆలస్యంగా కాస్తుంది, అంతకు మించి నష్టం లేదు. కంప్రెషరు అట్లా కాదు. వోల్టేజీ తగ్గినకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది, మొదలయ్యేటప్పుడు మూలుగుతూ ఆగిపోతుంది, చివరకు వైండింగు కాలుతుంది. స్టెబిలైజరు పెట్టినా అది తగ్గిన వోల్టేజీని పెంచడానికి లైను నుండి మరింత కరెంటు తీసుకుంటుంది కాబట్టి సన్న తీగకు అది మందు కాదు.

జడ్చర్ల_బాటసారి:
సన్న తీగ వద్దన్నారు, ఒప్పుకున్నాను. నేనూ మార్కెట్లో దొరికే సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సును సమర్థించడం లేదు. 4 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ కేబుల్ కొని, వరండాలో పాత సాకెట్‌ను మార్చి కొత్తది పెట్టిస్తే మీరు చెప్పిన దోషాలలో చాలా వరకు తీరుతాయి కదా. సాకెట్లు కాలిపోతాయన్నారు, మరి ప్రతి ఇంట్లో గీజర్లు అదే రకం సాకెట్ మీద ఏళ్ల తరబడి ఎట్లా నడుస్తున్నాయి?

పాలమూరు_వైర్‌మ్యాన్:
గీజరు 9 ఆంపియర్లు తీసుకొని పావుగంటలో ఆగిపోతుంది. మీరు అడుగుతున్నది సాయంత్రం వంట మొదలు తెల్లవారి స్నానాల దాకా ఆగని లోడు. రెండూ ఒకటి కావు. సాకెట్ వెనుక గోడలో ఉన్న తీగను మార్చకుండా ముందు కేబుల్‌ను మాత్రమే లావు చేస్తే, వేడి బయటి నుండి గోడలోపలికి జరుగుతుంది, అంతే.

మిర్యాలగూడ_విద్యుత్:
ఇద్దరూ ఆంపియర్ల మీద చాలా రాశారు. ఆంపియర్ల దగ్గర తప్పు జరిగితే సాకెట్ కాలుతుంది, ఎర్త్ దగ్గర తప్పు జరిగితే మనిషి పోతాడు. ప్రశ్న అడిగినవారు ఎర్త్ ఊసే ఎత్తలేదు కనుక ఈ మాట కొంత వివరంగా రాస్తున్నాను.

కారవాన్ రబ్బరు టైర్ల మీద నిలిచిన లోహపు పెట్టె. లోపల ఎక్కడైనా ఫేజ్ తీగ బాడీకి తగిలితే, లోపల ఉన్నవారికి ఏమీ తెలియదు, ఎందుకంటే వారి చుట్టూ ఉన్నదంతా అదే వోల్టేజీ మీద ఉంటుంది. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి మెట్టు దగ్గరి పిడి పట్టుకున్నవారికి మాత్రం 230 వోల్టులు నేరుగా తగులుతాయి. మన బోరు నీటికి గీజరు ఎలిమెంటు మీద సున్నం పేరుకొని, అది వేడెక్కి పగిలి, నీటిలోకి కరెంటు దిగడం మన జిల్లాలో కొత్త విషయం కాదు. కారవాన్ గీజరుకు ఆ ముప్పు ఇంటి గీజరుకన్నా తక్కువేమీ కాదు.

ఇప్పుడు ఎంసీబీ ఏం చేస్తుందో చూడండి. మన ఎర్ర చల్కా నేలల్లో కొద్ది లోతుకే రాయి తగులుతుంది. ఎండాకాలం నేల ఎండిపోయినప్పుడు ఎర్త్ గుంత నిరోధం 20 ఓములు ఉన్నా ఆశ్చర్యం లేదు. 230 వోల్టులను 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. అంటే బాడీకి పూర్తిగా ఫేజ్ తగిలినా 16 ఆంపియర్ల ఎంసీబీకి చీమ కుట్టినట్టయినా ఉండదు, 32 ఆంపియర్లదానికి అసలే ఉండదు. ఇద్దరి ఏర్పాట్లూ ఈ విషయంలో ఒకటే, చెప్పాలంటే లావు లైను ఇంకొంచెం ప్రమాదకరం. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఫేజ్‌లో పోయిన కరెంటులో అంత మాత్రం న్యూట్రల్‌లో తిరిగి రాక ఎర్త్‌లోకి కారినా లైను తెంపే స్విచ్) ఉంటే, బాడీ మీద వోల్టేజీ 50కి చేరకముందే అది పడిపోవడానికి ఎర్త్ నిరోధం 1600 ఓముల వరకు ఉన్నా చాలు. రాతి నేలకు అంతకన్నా నమ్మదగిన ఉపాయం లేదు.

జడ్చర్ల_బాటసారి:
ఆర్‌సీసీబీ అవసరాన్ని కాదనను. అయితే కారవాన్ పక్కనే ఒక ఎర్త్ రాడ్ దిగ్గొట్టి బాడీకి కలిపితే పని తేలికవుతుంది కదా? బ్రిటన్‌లో కారవాన్లకు ఇంటి ఎర్త్ ఇవ్వకూడదనే నియమం ఉందని చదివాను.

మిర్యాలగూడ_విద్యుత్:
ఆ నియమం నిజమే గాని, దాని కారణం వేరు. అక్కడ చాలా ఇళ్లకు సప్లై కంపెనీ న్యూట్రల్‌నే ఎర్త్‌గా కూడా అందిస్తుంది. వీధిలో ఆ న్యూట్రల్ తెగితే ఎర్త్ తీగ మీదికే వోల్టేజీ వస్తుంది కనుక, నేల మీద నిలబడి తాకే లోహపు బండికి దానిని కలపనివ్వరు. మన ఇళ్లకు ఎవరి ఎర్త్ గుంత వారిదే ఉంటుంది కాబట్టి, కేబుల్‌లోని మూడో తీగ, అంటే మూడో కోర్ ద్వారా ఇంటి ఎర్త్‌ను కారవాన్ వరకు తీసుకుపోవచ్చు.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎర్త్ సరిగా రాలేదని మీటరు బోర్డులో ఎర్త్‌ను, న్యూట్రల్‌ను ముడివేసి పోయే పనివారు ఉన్నారు. ఆ ముడి ఉన్న ఇంట్లో స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడితే బ్రిటన్‌లో భయపడే ప్రమాదమే మన ఆవరణలోకి వస్తుంది, అప్పుడు ఆర్‌సీసీబీ కూడా ఆపలేదు, ఎందుకంటే అది ఫేజ్‌ను, న్యూట్రల్‌ను తెంపుతుంది గాని ఎర్త్ తీగను తెంపదు. కాబట్టి ముందు ఆ ముడి లేదని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించుకొని, ఆ తరువాతే మూడో కోర్ కలపండి. కారవాన్ దగ్గర అదనంగా రాడ్ వేస్తే మంచిదే, అయితే ఆర్‌సీసీబీ లేకుండా ఆ రాడ్ ఒక్కదానినే నమ్ముకోకూడదు.

హాలియా_రైతు:
న్యూట్రల్ పోయినప్పుడు ఎర్త్ మీదనే లైట్లు వెలిగించుకునే ఇళ్లు మా దగ్గర ఇంకా ఉన్నాయి. అటువంటి ఇంటి నుండి కారవాన్‌కు కరెంటు ఇవ్వనే కూడదని నా మాట.

మిర్యాలగూడ_విద్యుత్:
మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అటువంటి వైరింగులో ఆర్‌సీసీబీ పెట్టిన క్షణమే పడిపోతుంది, దానితో విసిగిపోయి మనవాళ్లు దానినే పీకేస్తారు.

నల్లగొండ_కారవాన్:
అందరికీ ధన్యవాదాలు. ప్రత్యేక లైను వైపే మొగ్గుతున్నాము. బోర్డులో ఎర్త్, న్యూట్రల్ ముడి సంగతి ముందు చూపిస్తాము. ఒక సందేహం మిగిలింది. మా కారవాన్ లోపల ఇదివరకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది. మీటరు దగ్గర ఇంకొకటి అవసరమా?

పాలమూరు_వైర్‌మ్యాన్:
అవసరమే. లోపల ఉన్నది దాని తరువాతి తీగలను మాత్రమే చూసుకుంటుంది. నేలలోని కేబుల్‌కు గునపం తగిలినా, సాకెట్‌లోకి వాన నీళ్లు దిగినా, కారవాన్ ప్లగ్గు తీగను ఎలుక కొరికినా దానికి తెలియదు. రెండూ 30 మిల్లీ ఆంపియర్లవే అయితే ఏది ముందు పడుతుందో చెప్పలేము, ఒక్కోసారి రెండూ పడతాయి. లోపల పైకెత్తినా కరెంటు రాకపోతే మీటరు దగ్గరికి నడిచి వెళ్లవలసి వస్తుంది, ఆ మాత్రం ఇబ్బంది ఓర్చుకోవచ్చు. బయట పెట్టేదానిని ఇంటి మొత్తానికి కాక, ఈ లైనుకు మాత్రమే విడిగా పెట్టించండి. లేకపోతే కారవాన్ గీజరులో దోషం వచ్చిన రాత్రి ఇంట్లో ఫ్యాన్లు కూడా ఆగిపోతాయి.