అప్పుల్లోంచి బయటపడుతున్న కుటుంబానికి సంఘం తోడుండాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సంఘ పెద్ద, నరసరావుపేట దగ్గర పల్లె:
అందరికీ వందనాలండి. మాది 80 కుటుంబాల క్రైస్తవ సంఘం. క్రిస్మస్‌కి చీరలు, బియ్యం పంచి ఊరుకోకుండా, కూలి మీద బతుకుతూ ఎలాగైనా పైకి రావాలని చూస్తున్న నాలుగు కుటుంబాలకు రెండేళ్లు తోడుండాలని పెద్దల కూటంలో అనుకున్నాం. ఇంటికి నెలకు 50 రూపాయలు వేసుకుంటే 4,000 వస్తాయి. కుట్టుమిషనో మేకలో కొనిద్దామని కొందరు, ముందు అప్పు తీరుద్దామని కొందరు అంటున్నారు. ఎవరు వెళ్లాలి? దేనితో మొదలుపెట్టాలి?

స్త్రీల సమాజం కార్యకర్త, ఒంగోలు:
వందనాలు అన్నా. నాలుగు వద్దు, మొదటి ఏడాది ఒక్క కుటుంబమే. 4,000 చొప్పున రెండేళ్లకు 96,000. నలుగురికి పంచితే తలా 24,000, దాంతో ఎవరి పనీ తెమలదు. అయినా అసలు కొరత డబ్బుది కాదు, వెళ్లి కూర్చునే మనుషులది. ఒక కుటుంబానికి నలుగురైనా కావాలి, రెండు మూడు ఇళ్ల నుంచి. అందులో ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరి. మొదటి మూడు నెలలు వారానికోసారి, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి. కూలి పనులు అయ్యాక, రాత్రి ఏడు దాటాకే వెళ్లండి.

ఎవరు వెళ్లకూడదో కూడా ముందే తేల్చుకోండి. ఆ ఇంటికి అప్పిచ్చినవారు, వాళ్లను కూలికి పిలిచే రైతు, పొలం కౌలుకిచ్చినవారు వద్దు. వాళ్ల ముందు ఆ ఇల్లాలు ఉన్న మాట చెప్పలేదు. అయ్యగారు (పాస్టరు) కూడా బృందంలో ఉండకపోవడమే మంచిది. ఆయన వస్తే అది ప్రార్థన కూటమవుతుంది, ఇంటి లెక్క పక్కకు పోతుంది.

మొదటి నెల రూపాయి కూడా ఇవ్వకండి. వాళ్లింట్లో టీ తాగండి, వాళ్లను మీ ఇంటికి భోజనానికి పిలవండి. రాకపోకలు రెండువైపులా లేకపోతే వాళ్లు ఎప్పటికీ పుచ్చుకునేవాళ్లుగానే మిగిలిపోతారు. ఆరాధనలో వాళ్ల పేరు చదవడం, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం అసలు చేయవద్దు. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంటి పరువు ఒక్క ఫోటోతో పోతుంది.

పొదుపు సంఘాల లెక్కలు చూసినవారు, గుంటూరు:
రెండో నెలలో అప్పుల పట్టిక రాయండి. ఎవరి దగ్గర, ఎప్పుడు, అసలెంత, నూటికెంత వడ్డీ, ఇంతవరకు కట్టింది, తాకట్టు ఏమిటి (బంగారం, పాసుపుస్తకం, ఖాళీ ప్రోనోటు, ఏటీఎం కార్డు), జామీను ఎవరు. ఒక్క రోజులో రాదు. భర్త చెప్పిన జాబితా, భార్య చెప్పిన జాబితా కలవవు. ఇద్దరి దగ్గరా విడివిడిగా రాసుకుని తర్వాత కలపండి.

ముందు డైలీ ఫైనాన్స్ సంగతి చూడండి. 9,000 చేతికిచ్చి రోజుకు 100 చొప్పున నూరు రోజులు కట్టించుకుంటారు. వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ మర్నాటి నుంచే కడుతున్నాం కాబట్టి సగటున సగం డబ్బే చేతిలో ఉన్నట్టు. ఏడాది లెక్కన వడ్డీ 70 శాతం దాటుతుంది. ఆ తర్వాత మూడు రూపాయల వడ్డీ అప్పులు. 40,000 మీద నూటికి మూడు అంటే నెలకు 1,200. అదే డ్వాక్రా సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే 400. నెలకు 800 మిగులుతుంది, ఏడాదికి 9,600. సంఘం చేతి నుంచి ఒక్క పైసా పడకుండానే.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కొత్త అప్పు తెచ్చి పాతది తీర్చకుండా ఇంటి ఖర్చుకు వాడేస్తారు, రెండూ మిగులుతాయి. అందుకని డబ్బు చేతికొచ్చిన రోజే బృందంలో ఒకరు తోడు వెళ్లి పాత బాకీ కట్టించండి. కొంత కడితే ప్రోనోటు వెనక చెల్లు వేయించండి. మొత్తం తీరితే అసలు నోటే వెనక్కి తీసుకోవాలి, జిరాక్స్ ఇస్తానంటే ఒప్పుకోవద్దు.

మైక్రోఫైనాన్స్ కిస్తీలుంటే ఒక మాట. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. అంతకుమించి పడేలా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్తది ఇవ్వకూడదు. వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. ఇది తెలియక భయంతో ఇంకో చోట అప్పు తెచ్చి కట్టేవాళ్లే ఎక్కువ.

సంఘం మాత్రం తానే అప్పు ఇవ్వకూడదు. కిస్తీ కట్టలేని ఆదివారం వాళ్లు గుడికి రావడం మానేస్తారు. అప్పూ పోతుంది, మనిషీ దూరమవుతాడు.

పశువైద్య విభాగంలో పనిచేసేవారు, మెదక్:
మేకలు కొనిచ్చే ముందు మా జిల్లాలో జరిగింది తెలుసుకోండి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది: పశువులిచ్చి, కొన్నాళ్లు ఖర్చులకిచ్చి, శిక్షణ, పొదుపు, వారం వారం ఇంటికి మనిషిని పంపడం, రెండేళ్లు. భారత్‌తో సహా ఆరు దేశాల్లో పరీక్షిస్తే మంచి ఫలితాలొచ్చాయని 2015లో ప్రచురించారు. అదే పద్ధతిని మెదక్‌లో చేస్తే నికరంగా లాభం కనబడలేదు. కారణం, అప్పుడు కూలి రేట్లు బాగున్నాయి. పశువుల వెంట తిరిగినవాళ్లు కూలి మానుకున్నారు, పశువులు తీసుకోనివాళ్లు కూలితోనే అంత సంపాదించారు. కాబట్టి మీ ఊళ్లో మిరప కోతల కాలంలో ఆ ఇల్లాలికి వచ్చే కూలి ఎంతో ముందు లెక్క చూడండి. మేకలు దాన్ని తినేసేలా ఉంటే వద్దు.

ఇవ్వాలనే అనుకుంటే వానలకు ముందే చిటుక రోగానికి టీకా వేయించండి, పీపీఆర్ (పారుడు రోగం) టీకా పడిందో లేదో అడిగి కొనండి. సంతలో కొన్నవాటిని రెండు వారాలు ఊరి మందలో కలపకండి. గేదె అయితే ఒక్కటే కొంటే వట్టిపోయిన నెలల్లో మేత ఖర్చు తప్ప చుక్క పాలుండవు, అప్పుడే అమ్మేస్తారు. బీమా చేయిస్తే చెవికి ట్యాగ్ వేస్తారు. అది ఊడిపోతే వెంటనే చెప్పి మళ్లీ వేయించాలి, చనిపోయాక ట్యాగ్ లేకపోతే క్లెయిము రాదు.

బ్యాంకు మిత్ర, బాపట్ల:
చౌకగా అయ్యే పని ఒకటి చెబుతాను. జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436, సురక్షా బీమా 20. ఒక్కోదానికి 2 లక్షలు. మొదటిదానిలో 18 నుంచి 50 ఏళ్లలోపు చేరాలి, రెండోది 70 దాకా, కానీ ప్రమాదాలకే. రెండూ మే 31తో ముగుస్తాయి. మే నెలాఖరుకు ఖాతాలో 456 లేకపోతే డబ్బు కోతపడదు, బీమా ఆగిపోతుంది, ఆ సంగతి ఇంటివాళ్లకు తెలియదు. మే మూడో వారంలో బృందం ఒకసారి పాసుపుస్తకం చూస్తే చాలు.

ఆధార్, పాసుపుస్తకం, పదో తరగతి సర్టిఫికెట్లలో పేరు ఒకేలా ఉందో చూడండి. పథకాల డబ్బు చివరగా ఆధార్ అనుసంధానమైన ఖాతాలో పడుతుంది, వాళ్లు అనుకునే ఖాతాలో కాదు.

బియ్యం కార్డు సంగతి కూడా మరవద్దు. గ్రామంలో నెలకు 10,000, పట్టణంలో 12,000 ఆదాయ పరిమితి. కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటినా, నాలుగు చక్రాల సొంత బండి ఉన్నా కార్డుకు ఇబ్బంది (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు). కొడుక్కి 13,000 ఉద్యోగం వచ్చిందని సంతోషించేలోపు కార్డు పోతే, మిగిలేది ఎంతో ముందే కూర్చుని లెక్కేయాలి. ఉద్యోగం మానమని కాదు, ఆ దెబ్బకు సిద్ధంగా ఉండాలని. సచివాలయంలో సరిచూసుకోండి. ఉన్నవాళ్లు పేద కుటుంబాలకు తోడుండేలా రాష్ట్ర ప్రభుత్వం 2025 ఉగాదికి మొదలుపెట్టిన పీ4లో ఆ ఇల్లు బంగారు కుటుంబంగా (సాయం పొందే ఇల్లుగా) నమోదై ఉంటే, వాళ్ల మార్గదర్శితో, అంటే తోడుండే దాతతో మాట్లాడి పని పంచుకోండి.

సంఘ పెద్ద, నరసరావుపేట దగ్గర పల్లె:
చాలా ఉపయోగంగా ఉందండి. రెండు ప్రశ్నలు. మేము అనుకున్న కుటుంబం మాల కుటుంబం, ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. గుడికి వస్తేనే సాయం చేద్దామని ఇద్దరు పెద్దలు పట్టుబడుతున్నారు. ఇంకొకటి, అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు డబ్బు పంపుతామంటున్నారు.

సంఘ కోశాధికారి, మచిలీపట్నం:
పెద్దలకు గట్టిగా చెప్పండన్నా, సాయానికీ ఆరాధనకు రావడానికీ ముడి పెట్టకూడదని. యేసుప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే ఒక్కడే తిరిగొచ్చాడు, మిగతా తొమ్మండుగురి స్వస్థత ఆయన వెనక్కి తీసుకోలేదు. చట్టం వైపు కూడా చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు 3వ పేరా ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు ఇక్కడ బీసీ-సి, రిజర్వేషన్ 1 శాతం. పిల్లల సీటు లెక్క మారిపోతుంది. మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది. దాచమని చెప్పడం తప్పు, బియ్యం బస్తా చూపి తొందరపెట్టడం అంతకన్నా తప్పు. అన్నీ తెలిసి ఆ ఇంటివాళ్లే నిర్ణయించుకోవాలి. ఏది నిర్ణయించుకున్నా మీ రాకపోకలు ఆగకూడదు.

అమెరికా డబ్బు: పంపేవారు ఇంకా భారత పౌరులే అయి సొంత డబ్బు పంపితే విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైలులో పెట్టండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ మూలమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ ద్వారా తెప్పించుకుందామన్నా 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు.

మీ 4,000 కూడా కానుకల ఖాతాలో కలపకండి. వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు, నెలకోసారి కూటంలో లెక్క. లెక్కలో కుటుంబం పేరు వద్దు, "వైద్యం 800, ప్రయాణం 240" అని చాలు. అత్యవసరానికి నెలకు 1,000 మించకుండా కట్టుబాటు పెట్టుకోండి.

సంఘ పెద్ద, నరసరావుపేట దగ్గర పల్లె:
చివరిగా ఒకటి. రెండేళ్లయ్యాక ఎలా ఆపాలి?

స్త్రీల సమాజం కార్యకర్త, ఒంగోలు:
తేదీ చూసి ఆపకండి. రెండు రూపాయల వడ్డీ దాటిన అప్పు ఒక్కటీ లేకపోవడం, ఆరు నెలలు కిస్తీ తప్పకపోవడం, ఒకరికి జబ్బు చేస్తే ఇంకొకరి సంపాదన ఉండడం, మూడు నెలల తిండి ఖర్చు పొదుపులో ఉండడం. ఈ నాలుగూ కుదిరాయో లేదో ఆ దంపతులతో కూర్చుని చూడండి. కుదిరితే డబ్బు సాయం ఆపేసి, ఇంకో ఆరు నెలలు నెలకోసారి వెళ్లండి. మిరప రేటు పడిపోయిన ఏడాదైతే ఆ ఆరు నెలల్నీ పంట డబ్బులు చేతికొచ్చేదాకా పొడిగించండి.