అప్‌డేట్: ఇండియన్ పాస్‌పోర్ట్‌తో బార్బడోస్ వెళ్లొచ్చాం

డాలస్ నుంచి కరీబియన్ దీవి బార్బడోస్ వెళ్లడానికి ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వీసా కావాలా అని పోయిన నెల అడిగాను. నిన్ననే తిరిగొచ్చాం. అక్కర్లేదు, 90 రోజుల వరకు వీసా లేకుండానే ఉండొచ్చు.

అసలు టెన్షన్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే. నీలం పాస్‌పోర్ట్ చూసి "వీసా ఏది?" అన్నారు. వాళ్ల సిస్టమ్‌లో రూల్ చూసేదాకా పది నిమిషాలు నిలబడ్డాం. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్ తీసి పెట్టుకోవడం చాలా మేలైంది. బయల్దేరే ముందు ఆన్‌లైన్ ఇమిగ్రేషన్ ఫారం నింపేశాం కాబట్టి దిగాక రెండే ప్రశ్నలు: ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు.

హెచ్‌1బీ (అమెరికా వర్క్ వీసా) వాళ్లూ, ఇది మాత్రం జాగ్రత్త. పాస్‌పోర్ట్‌లోని అమెరికా వీసా స్టాంప్ ఎక్స్‌పైర్ అయితే వెళ్లకండి. కెనడా, మెక్సికోలకి ఉన్న 30 రోజుల ఆటోమేటిక్ రీవాలిడేషన్ (30 రోజుల్లోపు వెళ్లొస్తే ఎక్స్‌పైర్ అయిన స్టాంప్‌తోనే తిరిగి అమెరికాలోకి రానిచ్చే రూల్) హెచ్‌1బీకి ఈ దీవుల్లో వర్తించదు. నాకు స్టాంప్ ఉంది కాబట్టి సరిపోయింది.

ఇంకోటి, అక్కడ మిలిటరీ డిజైన్ బట్టలు వేసుకోవడం నేరం, పిల్లలకైనా సరే. మావాడి నిక్కరు ఒకటి సూట్‌కేస్‌లోంచి తీసేశాను.

జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ.