అప్‌డేట్: మీద మీదకొచ్చే గుర్రం ఇప్పుడు ఎడంగా నిలబడుతోంది

3 వారాల క్రితం అడిగాను కదా, నడిపించేటప్పుడు మా ఆరేళ్ల గుర్రం భుజంతో నన్ను నెట్టేస్తోందని, జేబులు వెతుకుతోందని, ఓసారి కాలు కూడా తొక్కిందని. చాలామంది చెప్పింది ఒకటే: అది మీదకొచ్చిన ప్రతిసారీ వెనక్కి జరుగుతున్నది నువ్వే, అంటే దానికది నేర్పిస్తున్నదీ నువ్వే అని. కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజం. మర్నాడు ఫోన్‌లో వీడియో తీసుకుని చూస్తే, 10 నిమిషాల్లో 14 సార్లు నేనే అడుగు వెనక్కేశాను!

చేత్తో తినిపించడం ఆ రోజే మానేశాను. ఇక పగ్గం ఊపి దాన్ని వెనక్కి జరిపించే సంగతి. ముందు మెల్లగా ఊపడం, కదలకపోతే ఇంకాస్త గట్టిగా, ఒక్క అడుగు వెనక్కి వేయగానే పూర్తిగా ఆపేయడం. నేను తప్పు చేసింది ఇక్కడే. అది వెనక్కి వేశాక కూడా ‘ఇంకొక్క అడుగు’ అంటూ ఊపుతూనే ఉండేదాన్ని. పాపం, సరిగ్గా చేసినా ఒత్తిడి తగ్గకపోతే దానికేం అర్థమవుతుంది? తల పైకెత్తి, కంట్లో తెల్లగుడ్డు కనిపించేలా చూసేది. సమయానికి ఆపడం నాకు వచ్చాక, నాలుగో రోజుకల్లా వేలు ఆడిస్తే చాలు, ఒక చెవి నా వైపు తిప్పి, పెదాలు చప్పరిస్తూ జరుగుతోంది.

దాణా వేళ మాత్రం ఇంకా పాత బుద్ధే. అందుకే చేయి చాపినంత దూరంలో ఆగేదాకా బకెట్ కింద పెట్టడం లేదు. నిన్న 11 నిమిషాలు పట్టింది. ఇవాళ 4.