లేడీస్ హాస్టల్ బోర్డులో పైన కామా ఎక్కడ?

అమీర్‌పేట_హాస్టల్: మా అక్క లేడీస్ హాస్టల్ పెడుతోంది. ఫ్లెక్సీ అతను పంపిన ప్రూఫ్‌లో ఎస్‌కి ముందు పైన కామా ఉంది. ముందా, వెనకా, అసలు వద్దా? 'ఇట్స్'కి ఎప్పుడు పెట్టాలో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి. ఆరింటికి ప్రింటింగ్.

కోఠి_పుస్తకాలపురుగు: ఎస్ తర్వాత. ఉండేది ఒక్కావిడ కాదుగా! అతను పెట్టినచోట పెడితే కామా ముందు మిగిలేది ఎల్-ఏ-డీ-ఐ-ఈ. అలాంటి మాటే లేదు.

రిటైర్డ్_లెక్చరర్: ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన సూత్రం ఇది. ఎవరిదో ఆ మాట ముందు పూర్తిగా రాయండి. ఎస్‌తో ముగిసే బహువచనమైతే ఒట్టి కామా. 'చిల్డ్రన్' లాంటిదైతే కామా, ఆపైన ఎస్. అంతే.

జావా_బ్యాచ్: మరి జేమ్స్ సంగతేంటి సార్? చివర ఇంకో ఎస్ పెట్టలేదని మా లీడ్ అందరి ముందూ క్లాసు పీకాడు.

రిటైర్డ్_లెక్చరర్: రెండూ చెల్లుతాయి. సెయింట్ జేమ్స్ పార్క్ అని లండన్‌లో మెట్రో స్టేషనుంది, దానికి రెండో ఎస్ ఉంది. న్యూకాజిల్‌లో అదే పేరున్న ఫుట్‌బాల్ మైదానానికి లేదు. మీ లీడ్‌కి చెప్పండి.

బోర్డుల_బాబాయ్: కామా లేకుండానే ఇన్నేళ్లూ బోర్డులు కొట్టాం, ఏ హాస్టలూ మూతపడలేదు. ఒకాయన ఇడ్లీస్, వడాస్ అన్నిటికీ కామాలు పెట్టించుకుని, ఎవరో నవ్వారని నా డబ్బులు ఎగ్గొట్టాడు.

కోఠి_పుస్తకాలపురుగు: నవ్వరా మరి? ఇడ్లీకి ఏం ఆస్తి ఉందని కామా? తెలిసినోళ్లు చెప్పాలిగా.

బోర్డుల_బాబాయ్: మాట జాగ్రత్త తమ్ముడూ. కస్టమర్ రాసిచ్చిందే కొడతాం. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2009లో వీధి బోర్డులకి కామాలొద్దంది. 2012లో వాటర్‌స్టోన్స్ పుస్తకాల షాపు తన పేరులోదే పీకేసింది. ఇంగ్లిషోళ్లకి లేని నొప్పి నీకెందుకు?

కోఠి_పుస్తకాలపురుగు: వాళ్లు తీసేశారు. మీరు ఇడ్లీకి తగిలించారు!

మాదాపూర్_మధ్యతరగతి: ఏసీ రూములున్నాయా? మా చెల్లికి కావాలి.

రిటైర్డ్_లెక్చరర్: లేడీస్‌ని హాస్టల్‌కి విశేషణం అనుకుంటే కామా లేకున్నా తప్పనలేం.

కోఠి_పుస్తకాలపురుగు: ఇందాక 'అంతే' అన్నారుగా మాస్టారూ!

జావా_బ్యాచ్: 'ఇట్స్' గురించి: 'ఇట్ ఈజ్', 'ఇట్ హాజ్' అని విడదీస్తే కుదిరితేనే కామా. 'దాని' అనే అర్థమైతే వద్దు.

అమీర్‌పేట_హాస్టల్: థాంక్స్ అందరికీ. అక్క ఆఖరి నిమిషంలో లేడీస్ తీసేసి 'విమెన్స్ హాస్టల్' అంది. మీరు చెప్పినట్టే ఎస్ తర్వాత కామా పెట్టించేశా. కరెక్టే కదా?

మాదాపూర్_మధ్యతరగతి: ఏసీ సంగతి చెప్పలేదు.