కేబినెట్‌లో ఫ్యాన్లను ఎటు తిప్పి బిగించాలి? పైన మరో రెండు అవసరమా?

ప్రశ్న (పలాస నుంచి)

నమస్కారం. నేను పలాసలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తున్నాను. నా కంప్యూటర్ కేబినెట్‌కు ముందు అద్దం, దాని వెనుక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మూడు, వెనుక గోడకు ఒకటి ఉన్నాయి. పైభాగంలో రెండు ఫ్యాన్ల చోటు ఖాళీగా ఉంది. గదిలో ఏసీ లేదు. మధ్యాహ్నం గది వేడి 36 డిగ్రీలు ఉన్నప్పుడు రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారుచేయడం) పెడితే ప్రాసెసర్ 93 డిగ్రీలకు, గ్రాఫిక్స్ కార్డు 84 డిగ్రీలకు చేరుతున్నాయి. వేడిగాలి బయటికి పోవాలి కాబట్టి ఫ్యాన్లన్నింటినీ బయటికి ఊదేలా తిప్పమని ఒకరు, పైన మరో రెండు బిగించమని ఇంకొకరు సలహా ఇచ్చారు. మా వీధిలో దుమ్ము కూడా ఎక్కువే. ఏది సరైన పద్ధతో దయచేసి వివరించగలరు.

సమాధానం (విజయనగరం నుంచి)

అండీ, అన్నీ బయటికి ఊదేలా మాత్రం తిప్పకండి. బయటికి పోయినంత గాలి ఏదో ఒక దారిన లోపలికి రావలసిందే. దానికి ఫిల్టర్ ఉన్న దారిని మనం చూపకపోతే, యూఎస్‌బీ పోర్టుల సందుల నుంచి, వెనుక స్లాట్ల నుంచి, ప్యానెల్ అతుకుల నుంచి దుమ్ముతో సహా లోపలికి పీల్చుకుంటుంది. మీ ఊరి దుమ్ముకు లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కన్నా కాస్త ఎక్కువ ఉండటమే మేలు. అప్పుడు సందుల గుండా గాలి బయటికే తోసుకుపోతుంది.

ముందుగా ఇప్పుడున్న నాలుగు ఫ్యాన్లు ఎటు ఊదుతున్నాయో చూడండి. సాధారణ ఫ్యాన్‌లో మోటారును పట్టి ఉంచే కమ్మీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. కమ్మీలు ఇటు ఉన్నా గాలి అటు ఊదే ఫ్యాన్లు కూడా ఈ మధ్య వస్తున్నాయి కాబట్టి, పల్చని కాగితం ముక్కను దగ్గర పట్టి నిర్ధారించుకోండి. ముందువి మూడూ లోపలికి, వెనుకది బయటికి ఉండాలి. గ్రాఫిక్స్ కార్డుల్లో ఎక్కువ భాగం తమ వేడిని కేబినెట్ లోపలికే వదులుతాయి. అందువల్ల ముందు వైపు కింది ఫ్యాన్ గాలికి కేబుళ్ల కట్టలు అడ్డం రాకుండా చూడండి.

తర్వాత పక్క ప్యానెల్ తీసి అదే రెండరింగ్ మళ్లీ నడపండి. ఉష్ణోగ్రత బాగా పడిపోతే లోపం గాలి రాకపోకల్లో ఉన్నట్టు. పెద్ద తేడా రాకపోతే హీట్ సింక్‌లో (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ) దుమ్ము పేరుకుపోవడమో, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోవడమో కారణం కావచ్చు. అప్పుడు ఫ్యాన్లు కొన్నా ప్రయోజనం ఉండదు. గది 36 డిగ్రీలు ఉన్నప్పుడు ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలి గాలి అంతకన్నా చల్లబడదు కనుక, ఈ పోలికను ఒకే గది వేడిలో చేయడం ముఖ్యం.

సమాధానం (శ్రీకాకుళం నుంచి)

పై సమాధానంతో ఏకీభవిస్తూ, పైభాగం గురించి ఒక మాట చేరుస్తాను. పైన బిగించదలిస్తే వెనుక మూలకు దగ్గరగా ఒక్కటే, బయటికి ఊదేలా బిగించండి. ముందు మూలకు దగ్గరగా ఉన్న రెండో చోట బిగిస్తే, ముందు ఫ్యాన్లు తెచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ కూలర్‌కు చేరకముందే అది బయటికి లాగేస్తుంది. వేడిగాలి పైకి లేస్తుందన్న మాట నిజమే కానీ, ఫ్యాను తోపు ముందు ఆ లేచే బలం చాలా స్వల్పం. కాబట్టి గాలి దారిని నిర్ణయించేది ఫ్యాన్ల అమరికే.

మీ అసలు ఇబ్బంది ఆ ముందు అద్దమేనని నా అనుమానం. అద్దానికీ ఫ్రేముకూ మధ్య సన్నని సందు మాత్రమే ఉంటే మూడు ఫ్యాన్లు కాదు, ఆరు పెట్టినా పీల్చడానికి గాలి ఉండదు. అద్దం తీసి కూడా పరీక్ష చేయండి. తేడా గట్టిగా కనిపిస్తే ఫ్యాన్ల కోసం పెట్టే డబ్బును జాలీ ముఖం ఉన్న కేబినెట్‌కు మళ్లించడమే న్యాయం.

సమాధానం (నెల్లిమర్ల నుంచి)

ఫిల్టర్ల సంగతి మరవకండి. ముందు జాలీ, ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) కింది జాలీ దుమ్ముతో పూడుకుపోతే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి గానీ గాలి రాదు. బ్లోయర్ కొట్టేటప్పుడు కంప్యూటర్ ఆపి, ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోండి. అవి విపరీత వేగంతో తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ముందు ఫ్యాన్లలో ఒకటి బయటికి ఊదుతోందని కాగితంతో తెలిసింది. దాన్ని తిప్పి, అద్దం తీసి అదే గది వేడిలో నడిపితే ప్రాసెసర్ 82 డిగ్రీల దగ్గర, కార్డు 75 దగ్గర నిలిచాయి. పైన వెనుక మూలకు ఒక ఫ్యాన్ చేర్చాలనుకుంటున్నాను. మదర్‌బోర్డులో ఖాళీ హెడర్ (ఫ్యాన్ వైరు తగిలించే పిన్నులు) లేదు. వెనుక ఫ్యాన్ హెడర్ నుంచే స్ప్లిట్టర్‌తో (ఒక హెడర్‌కు రెండు ఫ్యాన్లు తగిలించే వైరు) కలపవచ్చా?

సమాధానం (విజయనగరం నుంచి)

కలపవచ్చు. చాలా మదర్‌బోర్డుల్లో ఒక హెడర్ 1 ఆంపియర్ వరకు ఇస్తుంది. ఫ్యాన్ మీది స్టిక్కర్‌లో రాసిన ఆంపియర్లను కూడి ఆ హద్దు దాటకుండా చూసుకోండి. మదర్‌బోర్డు పుస్తకంలో కూడా ఒకసారి సరిచూడండి. రెండూ నాలుగు పిన్నులవైతే బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల తెర) పీడబ్ల్యూఎమ్ (సంకేతంతో వేగం మార్చే పద్ధతి), రెండూ మూడు పిన్నులవైతే డీసీ (వోల్టేజీతో వేగం మార్చే పద్ధతి) ఎంచుకోండి. ఒకే హెడర్‌పై రెండు రకాలను కలపవద్దు.