రాజీల లెక్క కాకుండా, కుటుంబంలో వచ్చిన మార్పును కొలిచేదెలా?

కృష్ణాతీరం

కుటుంబ సలహా కేంద్రాల్లో పనిచేసేవాళ్లను అడుగుతున్నాను. జిల్లా కేంద్రంలో నడిచే మా కేంద్రానికి నెలకు 25 దాకా కొత్త కేసులొస్తాయి. ఇద్దరు కౌన్సిలర్లు, ఒక ఫీల్డ్ వర్కర్. కొట్టడం, తాగుడు, అనుమానం, భార్యను పుట్టింట్లో వదిలేయడం, పిల్లల ఖర్చులకు డబ్బివ్వకపోవడం... ఎక్కువగా ఇవే. రిజిస్టర్లో ఎన్ని కేసులు, ఎన్ని సిట్టింగులు, ఎన్ని రాజీలు అని మూడు గళ్లే ఉన్నాయి. మీ దగ్గరికొచ్చినవాళ్ల బతుకులో ఏం మారిందో వచ్చే ఏప్రిల్ నుంచి అంకెల్లో చూపించమని నిధులిచ్చే సంస్థ అడుగుతోంది.

ఏ ప్రశ్నావళి వాడాలి? ఎన్నిసార్లు అడగాలి, ఎవరు అడగాలి? ఫోనెత్తనివాళ్లను ఏ లెక్కలో వేయాలి? ఎక్సెల్ తప్ప వేరే సాఫ్ట్‌వేర్ లేదు.

కేస్‌ఫైల్

ప్రశ్నావళి తర్వాత. ముందు ఆ రాజీ గడి సంగతి తేల్చుకోండి. రాజీ అంటే ఆ రోజు కాగితం మీద పడ్డ సంతకాలు, అంతే. కాపురానికి వెళ్లిన నెలకే మళ్లీ దెబ్బలు తింటున్నామె ఆ గడిలో విజయంగా కనిపిస్తుంది. వేరే గది అద్దెకు తీసుకుని, పనికి పోతూ, పిల్లల్ని బడికి పంపుకుంటున్నామె వైఫల్యంగా కనిపిస్తుంది. పైగా ఆ అంకె పెంచాలన్న ఒత్తిడి కౌన్సిలర్ మీద పడితే, ఆమె నోట "కాస్త సర్దుకుపో అమ్మా" అన్న మాట తెలియకుండానే వచ్చేస్తుంది. గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లో 14వది చూడండి. హింస మళ్లీ జరగదన్న హామీ రాబట్టడమే కౌన్సెలింగ్ లక్ష్యమని, చేసిన హింసను ప్రతివాది సమర్థించుకోవడానికి వీల్లేదని ఉంటుంది. చట్టం అడిగే ఫలితమే అది. ఆ గడిని తీసేయనక్కర్లేదు, "కేసు ఇప్పుడున్న స్థితి" అని పేరు మార్చండి: కలిసి ఉంటున్నారు, విడిగా ఉంటున్నారు, కోర్టులో ఉంది, రావడం మానేశారు.

ఫలితానికి కొలమానం, ఆమె ఏం కావాలని వచ్చిందో అదే. దీనికి లక్ష్య సాధన కొలబద్ద అని ఒక పద్ధతుంది. కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు 1968లో ప్రతిపాదించారు. ఒక్కో లక్ష్యానికి -2 నుంచి +2 దాకా అయిదు మెట్లు. ఉదాహరణకు "ఇంటి ఖర్చుకు డబ్బివ్వాలి" అన్నది తీసుకుంటే:

-2: డబ్బివ్వకపోగా, ఆమె కూలి డబ్బులు లాక్కుంటున్నాడు
-1: ఏమీ ఇవ్వట్లేదు (వచ్చిన రోజు ఉన్న స్థితి)
0: గడిచిన మూడు నెలల్లో రెండు నెలలు, 10వ తేదీలోగా 6,000 ఇచ్చాడు
+1: మూడు నెలలూ ఇచ్చాడు
+2: అడగకుండానే ప్రతి నెలా ఆమె ఖాతాలో పడుతోంది

సున్నా అంటే "మనం ఆశించినంత జరిగింది" అని, మార్పు లేదని కాదు. కొత్తవాళ్లంతా తడబడేది ఇక్కడే. వచ్చిన రోజు ఉన్న స్థితిని మామూలుగా -1 దగ్గర పెట్టండి, ఇంకా దిగజారితే చూపడానికి కింద ఒక మెట్టు మిగులుతుంది. అయిదు మెట్లూ మొదటి రెండు సిట్టింగుల్లోనే ఆమె ఎదుటే రాసి తేదీ వేయాలి. మూడు నెలల తర్వాత కూర్చుని రాస్తే ఏ మెట్టునైనా జరిగినదానికి తగ్గట్టు మలచొచ్చు. ఒక కేసుకు మూడు లక్ష్యాలు దాటనివ్వకండి. "సఖ్యత పెరగాలి" లాంటివి రాయకండి, దాన్ని ఇద్దరు మనుషులు రెండు రకాలుగా కొలుస్తారు. ఆ మెట్లు చదివి వినిపిస్తే పక్కింటావిడ కూడా "అవును, ఇదే జరుగుతోంది" అని వేలు పెట్టి చూపగలగాలి, అంత స్పష్టంగా ఉండాలి.

సున్నాలు సులువుగా పెడుతున్నారా అని చూసుకోవడానికి ఒక దారి: రెండో కౌన్సిలర్ ప్రతి నెలా అయిదు ఫైళ్లు తీసి, పేరు చూడకుండా మెట్లు మాత్రమే చదివి, ఇది మరీ తేలిగ్గా ఉంది, ఇది కష్టం అని గుర్తు పెట్టాలి.

మెట్టప్రాంతం

పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను, కానీ హింసను లక్ష్యాల మెట్లలో కలపకండి. అది ప్రతి కేసులోనూ, ఆమె అడిగినా అడగకపోయినా, విడిగా కొలవాలి. డబ్బు కోసం వచ్చిన మనిషి దెబ్బల సంగతి మొదటి రోజు చెప్పదు.

"మిమ్మల్ని హింసిస్తున్నాడా?" అని అడిగితే చాలామంది లేదంటారు. చెంపదెబ్బను హింస అనుకోరు. పని పేరు పెట్టి, గడిచిన 30 రోజుల్లో ఎన్ని రోజులు అని అడగాలి: చేయి చేసుకున్న రోజులు, వస్తువులు విసిరిన రోజులు, ఇంట్లోంచి గెంటేసిన లేదా తాళం వేసిన రోజులు, ఫోన్ లాక్కున్న రోజులు, ఇష్టం లేకుండా పక్కలోకి లాగిన రోజులు. ఆఖరిది మూడో సిట్టింగ్ తర్వాతే నోటికి వస్తుంది, కాబట్టి ఖాళీగా ఉంటే "లేదు" అని కాకుండా "అడగలేదు" అని రాయండి. గొంతు పిసకడం, చంపుతానని బెదిరించడం, కత్తి లాంటివి చూపించడం, కడుపుతో ఉన్నప్పుడు కొట్టడం: వీటిలో ఒక్కటి అవునన్నా సగటు గురించి ఆలోచించే సమయం కాదు. ఆ పూటే భద్రతా ప్రణాళిక, రక్షణాధికారి, 181 మహిళా హెల్ప్‌లైన్.

ఈ అంకెల్లో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, రెండోసారి కొలిచినప్పుడు హింస పెరిగినట్టు కనిపించడం. నిజంగా పెరిగి ఉండొచ్చు, లేదా ఇప్పుడు మిమ్మల్ని నమ్మి చెబుతూ ఉండొచ్చు. అందుకే మూడో సిట్టింగ్‌లో వెనక్కి వెళ్లి మళ్లీ అడగండి: "మీరు మొదట ఇక్కడికి వచ్చారు కదా, దానికి ముందు నెల ఎలా ఉండేది?" ఆ జవాబును రెండో బేస్‌లైన్‌గా, అంటే పోల్చడానికి వాడే మొదటి స్థితిగా, పక్క గడిలో వేయండి, మొదటిదాన్ని చెరపకండి.

రెండోది ఇంకా మోసం చేస్తుంది. ఆమె పుట్టింట్లో ఉంటే కొట్టిన రోజులు సున్నా. అది మన కౌన్సెలింగ్ ఫలితం కాదు, మధ్యలో ఉన్న దూరం. కాబట్టి ప్రతి కొలతతో పాటు "ఈ 30 రోజుల్లో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్న రోజులు" అనే గడి తప్పనిసరి. 30లో 4 రోజులే కలిసి ఉండి 2 రోజులు దెబ్బలు తిన్నామె, 30 రోజులూ ఉండి 3 రోజులు తిన్నామె కంటే మెరుగ్గా ఉందని రిపోర్టులో రాయకూడదు.

ఫోన్ ఫాలో-అప్‌కు మొదటి రోజే ఆమెతో నాలుగు సంగతులు మాట్లాడుకుని రాసుకోండి: ఏ నంబరు, ఏ వేళ, వేరేవాళ్లు ఎత్తితే ఏం చెప్పాలి, పక్కన ఎవరైనా ఉంటే ఆమె అనే మాట ఏంటి. పొదుపు సంఘంలో ఉన్నామైతే సంఘం పని మీద చేశామని చెప్పడం కుదరొచ్చు, ఆమె ఒప్పుకుంటేనే. కేంద్రం పేరుతో మెసేజ్ పంపకండి. స్పీకర్ పెట్టి వింటున్నారన్న అనుమానం వస్తే ప్రశ్నలు మానేసి కుశలం అడిగి పెట్టేయండి. ఒక అంకె పోతే పోనివ్వండి. దంపతులు కలిసి వచ్చినా ఈ ప్రశ్నలు విడివిడిగానే, అత్తగారు బయట కూర్చున్నాకే.

ఇంకో మాట. గృహహింస నిబంధనల్లోని ఫారం-1, అంటే గృహ సంఘటన నివేదిక, కోర్టుకు వెళ్లే కాగితం. మీ కొలతల షీటును దాని వెనక పిన్ను చేయకండి, ఒకే ఫైల్లో పెట్టకండి. కోర్టు కేసుల్లో దరఖాస్తు తేదీ, ఉత్తర్వు తేదీ మాత్రం తప్పక ఎక్కించండి. మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని గృహహింస చట్టం 12వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఎన్ని రోజులు పట్టిందన్నది మీ జిల్లా గురించి చాలా చెబుతుంది.

లెక్కలపుస్తకం

ప్రశ్నావళుల సంగతి నేను చెబుతాను.

మనసు స్థితికి పీహెచ్‌క్యూ-9 అనే, దిగులును (డిప్రెషన్‌ను) కొలిచే ప్రశ్నావళి చాలు. తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి, మొత్తం 0 నుంచి 27. ఉచితం, అనుమతి అక్కర్లేదు. 10, ఆపైన వస్తే డాక్టరు చూడాల్సిన స్థాయి. 5 పాయింట్లు తగ్గితేనే మార్పు అనండి, 2, 3 పాయింట్ల తేడా ఆ రోజు నిద్రను బట్టి కూడా వస్తుంది. అనువాదంలో పుస్తకభాష తగిలితే కౌన్సిలర్లిద్దరూ ముందే కూర్చుని ఒకే వివరణ ఖరారు చేసుకోవాలి, ఎవరికి తోచినట్టు వాళ్లు విడమర్చి చెబితే రెండు కొలతలకు పొంతన ఉండదు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాకుండా ఏం వచ్చినా మొత్తం స్కోరుతో పని లేదు, ఆమె గది దాటకముందే మాట్లాడాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఆ షీటు మీదే ముద్రించండి. ఫోన్లో అడిగే ఫీల్డ్ వర్కర్‌కు ఇది నేర్పకుండా ఈ ప్రశ్నావళి ఇవ్వొద్దు.

తాగుడుకు చాలామంది ఆడిట్ (AUDIT) అనే ప్రశ్నావళి వాడతారు. పది ప్రశ్నలు, 40 మార్కులు, 8, ఆపైన వస్తే ప్రమాదకరమైన తాగుడు. గుర్తించడానికి మంచిదే, మార్పు కొలవడానికి కాదు: చాలా ప్రశ్నలు గడిచిన ఏడాది గురించి అడుగుతాయి, కాబట్టి మూడు నెలల్లో మనిషి పూర్తిగా మానేసినా పాత తాగుడు స్కోరులో కూర్చునే ఉంటుంది. పైగా తాగే మనిషే జవాబివ్వాలి, భార్యతో నింపించకూడదు. ఆమెను అడగదగ్గది: 30 రోజుల్లో తాగి ఇంటికొచ్చిన రోజులెన్ని.

కొలతలు మూడుసార్లు: మొదట్లో, 3 నెలలకు, 6 నెలలకు. మీకు నెలకు 25 కేసులంటే, పద్ధతి కుదురుకున్నాక నెలకు 50 ఫాలో-అప్‌లు. దొరకని ఫోన్లు కలుపుకుని ఒక్కోదానికి 20 నిమిషాలు వేసుకున్నా 17 గంటలు, అంటే ఒక మనిషికి రెండు పూర్తి రోజుల పైమాట. అది బడ్జెట్‌లో అడగండి. ఇవ్వకపోతే రిజిస్టర్ నంబరు సరిసంఖ్య అయిన కేసులే తీసుకోండి. ఏ కేసులన్నది ముందే తేలిపోవాలి, ఫోనెత్తినవాళ్లనే లెక్కలో వేసుకోవడం మాత్రం చేయకండి.

ఫోనెత్తనివాళ్ల సంగతి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో మూడు ప్రయత్నాలు, తర్వాత "దొరకలేదు". వాళ్లను తుడిచేయొద్దు. 60 మందిలో 41 మంది దొరికి 27 మంది మెరుగుపడ్డారనుకోండి. రిపోర్టులో రెండూ రాయాలి: దొరికినవాళ్లలో 66 శాతం, మొత్తంలో 45 శాతం. దొరకని 19 మంది మొదటి రోజు స్కోర్లను, దొరికిన 41 మంది మొదటి రోజు స్కోర్లతో పోల్చండి. దొరకనివాళ్లు మొదట్లోనే ఎక్కువ కష్టంలో ఉంటే ఆ 66 శాతాన్ని ఎవరూ నమ్మకూడదు, మీరు కూడా.

జనం కష్టం ముదిరిన వారమే మీ గడప తొక్కుతారు. ఎవరూ ఏమీ చేయకపోయినా ఆ తర్వాత కొంత నెమ్మదిస్తుంది. అందువల్ల "మా కౌన్సెలింగ్ వల్ల తగ్గింది" అనకండి, "మా దగ్గరికి వచ్చిన మూడు నెలలకు తగ్గింది" అనండి.

ఎక్సెల్‌లో మనిషికి ఒక వరుస కాదు, కొలతకు ఒక వరుస. కేసు నంబరు, తేదీ, ఎన్నో కొలత, తర్వాత అంకెలు. జవాబు లేని గడిని ఖాళీగా వదిలి కారణం పక్క గడిలో రాయండి. 99 అని వేస్తే ఏదో ఒక రోజు ఎవరో సగటు తీస్తారు, ఆ 99లు అందులో కలిసిపోతాయి. పేర్లు, ఫోన్ నంబర్లు వేరే ఫైల్లో, పాస్‌వర్డ్‌తో. నిధులిచ్చేవాళ్లకు పంపే పట్టికలో ఊరు, కులం, వయసు మూడూ కలిపి ఇవ్వొద్దు. చిన్న మండలంలో ఆ మూడు చాలు, మనిషెవరో తెలిసిపోవడానికి.

కృష్ణాతీరం

చాలా ఉపయోగపడింది. రెండు సందేహాలు మిగిలాయి. ఫాలో-అప్ ప్రశ్నలు ఆ కేసు చూసిన కౌన్సిలరే అడగొచ్చా? పిల్లల మాటేమిటి?

మెట్టప్రాంతం

చూసిన కౌన్సిలర్ అడగకూడదండీ. "మీరు ఇంత కష్టపడ్డారు మేడం" అని మొహమాటానికి బాగుందనేస్తారు. ఇద్దరున్నారు కాబట్టి 3 నెలల కొలతకు కేసులు మార్చుకోండి. హింస ప్రశ్నలకు మాత్రం కొత్త గొంతు ఆమెకు ఇబ్బందైతే, ఎవరు అడగాలో ఆమె చెప్పినట్టే చేసి, ఎవరు అడిగారో షీటులో రాయండి.

పిల్లలకు బడి హాజరు అన్నిటికంటే గట్టి అంకె: నెలలో బడి జరిగిన రోజులు, వెళ్లిన రోజులు. తల్లి ద్వారానే తెప్పించుకోండి, బడికి మీరు ఫోన్ చేస్తే ఇంటి గొడవ స్టాఫ్ రూముకు చేరుతుంది. వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి సెలవుల నెలల్ని అటూ ఇటూ పోల్చకండి. పిల్లల గురించి మొదలుపెట్టే ముందే తల్లికి ఒకటి చెప్పాలి: పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పక తప్పదు, అది రహస్యంగా ఉంచగలిగేది కాదు. సమ్మతి పత్రంలో ఈ వాక్యం లేకపోతే ఇప్పుడే చేర్చండి.

ఏప్రిల్‌లో నేరుగా మొదలుపెట్టకండి. ఈ నెల వచ్చే మొదటి పది కేసులకు కాగితం మీద నడపండి. ఏ ప్రశ్న దగ్గర ఆమె తల దించుకుంటుందో, ఏ గడి పదిలో ఏడు ఖాళీగా మిగిలిందో చూసి, ఆ తర్వాతే ఎక్సెల్ తెరవండి.